మూడు కణుపులు, ఆఱు కణుపులు

మన పాఠశాల వార్షిక సంచికకు నేదైన నొక వ్యాసము వ్రాసి పంపుమని సంపాదకులు పూర్వవిద్యార్థులకు జాబులు వ్రాయుట వాడుక. నాకును ఏటేట జాబు వచ్చుచునే యున్నది. ఏటేట నేదో యొక నెపము చెప్పి తప్పించుకొనుచు వచ్చితిని. ఈ యేడు మాత్రము వ్రాయ బూనితిని. కారణ మేమనగా, క్రిందటి పరీక్షల దినములలో నొక పని మీద నేను పాఠశాలకు వచ్చినప్పుడు, తొమ్మిదవ తరగతి బాలుడొకడు పరీక్షలు జరుగు గది వెలుపల గోడ నానుకొని, ముఖము పాలిపోయి, గబగబ నూపిరి పీల్చుచు నిలుచుండెను. నేను వాని చేతిని నా చేతిలోనికి దీసికొని వ్రేలి కణుపులు లెక్కించుట నేర్పితిని. కొంతసేపటికి వాడు తేఱుకొని లోపలికి బోయెను. పోవుచు వెనుదిరిగి, "ఇది మీకెవరు నేర్పారండీ?" అని యడిగెను. గుమ్మములో నిలువబడి చెప్పదగిన సమాధానము కాదది. కావున నిక్కడ చెప్పుచున్నాను.

నాకు చిన్ననాట నత్తి యుండెడిది. ఇప్పుడును పూర్తిగా బోలేదు. అలసినప్పుడు మఱల వచ్చును. ఉదయము హాజరు పిలుచునప్పుడు నా పేరు వచ్చుసరికి గొంతులో నేదో తలుపు మూసికొన్నట్లయ్యెడిది. పలుకవలసిన దొక్క మాట. ఆ యొక్క మాటకై నేను పడు పాట్లు చూచి తరగతి యంతయు నవ్వెడిది. నవ్విన వారిని నేను తప్పుపట్టను. మఱియొకని నట్లు చూచియుండినచో నేనును నవ్వియుండెడి వాడనే. కాని ఆ నవ్వు వినవలసి వచ్చునన్న వెఱపుచే ముందు రాత్రినుండియే నా గుండె కొట్టుకొనుచుండెడిది.

అప్పుడు తెనాలిలో మాకు పాటలు నేర్పు మాష్టారొకరుండిరి. సన్నగా, పొడవుగా నుండెడివారు. హార్మోనియము పెట్టెను మాచేత మోయించెడివారు. ఆ మోతగాండ్రలో నేనొకడను. నత్తివానికి మాటలో నత్తి గాని పాటలో నత్తి లేదు. ఇది నా యొక్కని వింత గాదు, లోకమంతట నున్నదే. అందుచే పాటల గంటయందు మాత్రము నేను పదుగురిలో నొకడనుగా నుండెడి వాడను. ఒక సాయంకాలము మాష్టారు నన్ను వెంటబెట్టుకొని కాలువ గట్టునకు బోయి, నడచుచు నడచుచు నిట్లనిరి:

"ఒరేయ్, మాట నాలుక మీద లేదురా, ఊపిరి మీద ఉంది. ఊపిరి బయటికి పోయేటప్పుడు మాటని దాని మీద ఎక్కించాలి, పడవ మీద మనిషిని ఎక్కించినట్టు. నువ్వు పడవ లేకుండానే మనిషిని కాలవలోకి తోస్తున్నావు."

పిమ్మట గట్టుమీద గూర్చుండి నా కుడిచేతిని చాపించి లెక్క నేర్పిరి. మన పెద్దలు జపమునకు, వడ్డీ లెక్కలకు గూడ వ్రేలి కణుపులనే వాడుదురు గదా. బొటనవ్రేలితో చూపుడువ్రేలి మూడు కణుపులు తాకుచు మూడెంచువఱకు ఊపిరి లోనికి దీయవలెను. నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు, ఈ రెంటి ఆఱు కణుపులు తాకుచు ఆఱెంచువఱకు మెల్లగా విడువవలెను. చిటికెనవ్రేలి మూడు కణుపులయందు ఊరక యుండవలెను. ఇంతే. ఇందులో దేవతల పేరు లేదు, మంత్రము లేదు. కన్నులు మూసికొననక్కఱ లేదు. లెక్క తప్పినచో తప్పినదని విచారింపక మఱల చూపుడువ్రేలికి రావలెను. "తప్పటం తప్పు కాదు, తప్పిందని గింజుకోవటం తప్పు," అనెడివారు.

ఆ దినములలో నాకు దీని పేరు తెలియదు. పెద్దవాడనైన పిమ్మట, లోనికి దీయుటను పూరకమనియు, విడుచుటను రేచకమనియు, నిలుపుటను కుంభకమనియు యోగశాస్త్రమున జెప్పుదురనియు, పతంజలి యోగసూత్రములలో గూడ చిత్తమును నిలుపు నుపాయములలో ఊపిరిని విడిచి నిలుపుట యొకటిగా నున్నదనియు దెలిసికొంటిని. మా మాష్టారు యోగి గారు. వారు గానము నేర్చుకొన్నప్పుడు వారి గురువు నేర్పిన దేదో మాకు నేర్పిరి. వసతిగృహమున బాలురు నన్ను "జపంసారు" అని పిలువ నారంభించిరి. నాలుగు నెలలు గడచునప్పటికి హాజరు పిలుచునప్పుడు పది దినములలో నాఱు దినములు నేను నత్తి లేక పలుకగలిగితిని. తక్కిన నాలుగు దినముల సంగతి యథాప్రకారము.

ఇది 1977వ సంవత్సరపు మాట. ఆ యేడు దీపావళి వెళ్లి వారము దినములైనది. మా యమ్మయు నాన్నయు మా మేనమామగారింట బిడ్డకు పేరు పెట్టు వేడుక కని బాపట్ల వెళ్లుచు, ఇంటియొద్ద నాయనమ్మయు, ఆఱేండ్ల చెల్లెలును ఒంటిగా నుందురు గనుక ఆదివారమువఱకు వచ్చి తోడుండుమని నాకు కార్డు వ్రాసిరి. శుక్రవారము బడి విడువగానే తెనాలిలో రేపల్లె బండి యెక్కితిని. ఆ దారి 1916లో వేసినది. రేపల్లెతో సరి, ఆ పైన పట్టాలు లేవు. అక్కడినుండి మా పల్లెకు నిజాంపట్నము దారిని బస్సులో కొంత, కాలినడకను కొంత పోవలెను. బస్సు దిగునప్పటికి చిఱుజల్లు పడుచుండెను. ఇరువైపుల వరిచేలు కంకులు వంచి కోతకు సిద్ధముగా నుండెను. ఆ యేడు పంట బాగుగా బండినదని త్రోవలో నెవరో యనుకొనుచుండిరి.

ఆ రాత్రి చెల్లెలు నిద్రపోక యల్లరి చేయగా దానికి కణుపుల యాట నేర్పితిని. దాని వ్రేళ్లు నా వ్రేళ్లలో సగమైనను లేవు. ఆఱు కణుపులవఱకు దాని యూపిరి చాలలేదు. నాలుగింటికే నవ్వు వచ్చెడిది. అయినను పట్టు విడువక, నా మెడమీద వ్రేలితో దట్టుచు లెక్కించి లెక్కించి నిద్రపోయెను.

మఱునాడు నవంబరు 19, శనివారము. తెల్లవాఱినది మొదలు గాలి. తుపాను వచ్చుచున్నదని రేడియోలో జెప్పిరని ఊరిలో ననుకొనిరి. మా వైపువారికి తుపాను క్రొత్త గాదు. తాటాకు కప్పుమీదుగా మోకులు బిగించిరి, దూడలను లోపల గట్టిరి. అంతకుమించి చేయవలసినది గలదని యెవరికిని దోచలేదు. ఉప్పెన యను మాట ముసలివారి నోట విన్నాము గాని అది మా గుమ్మములోనికి వచ్చునని మే మెఱుగము.

పగలు రెండు జాములు దాటిన పిమ్మట గాలి గొంతు మాఱినది. అంతవఱకు విసరుచు ఆగుచు నుండిన గాలి యాగుట మానినది. పెరటిలోని తాడిచెట్లు నడిమికి విఱిగిపడెను. మాది చుట్టిల్లు; నడుమ నిట్టాడు, చుట్టును మట్టిగోడ, పైన తాటాకు. నాయనమ్మ తలుపునకు రుబ్బురోలు దొరలించి యడ్డుపెట్టెను. నేను వెలుతురుండుటచే ధైర్యముగా నుంటిని. పొద్దు క్రుంకువేళ దక్షిణపు దిక్కున నొక చప్పుడు వినబడెను. రేపల్లె స్టేషనులోనికి బండి వచ్చునప్పటి చప్పుడు వంటిది. మా యూరికి రైలు లేదని నాకు దోచునంతలో గడప క్రిందనుండి నీరు లోనికి బ్రాకెను.

నాయనమ్మ వంగి ఆ నీటిలో వ్రేలు ముంచి నాలుకపై నుంచుకొనెను.

"ఉప్పునీళ్లు," అనెను. "ఎక్కండి పైకి."

ఇక్కడ నేను చేసిన పని దాచక చెప్పవలెను. దాచినచో ఈ వ్యాసము వ్రాయుట యెందులకు? నాయనమ్మ చెప్పిన మాట నా చెవిని బడినది, కాని నా కాళ్లు వినలేదు. వెనుకతలుపు తెఱచికొని నేనొక్కడనే బయటికి బరుగెత్తితిని. ఎక్కడికి పోవలెననియో నాకు దెలియదు. ముసలమ్మ లోపల నున్నదనియు, చెల్లెలు లోపల నున్నదనియు దెలియును; తెలిసియు పరుగెత్తితిని. నా రొమ్ము బిగిసిపోయెను, వ్రేళ్లు తిమ్మిరెక్కెను, కన్నులయెదుట గొట్టములో నుండి చూచినట్లు చిన్న వెలుగు తప్ప మఱేమియు గనబడలేదు. పది యడుగులు వేయునంతలో నీరు నడుమువఱకు వచ్చి నన్నెత్తి ఇంటిగోడకే కొట్టెను. నేను మంచివాడనై తిరిగిరాలేదు. నీరు నన్ను తిప్పి పంపెను.

లోపల నాయనమ్మ చెల్లెలిని అప్పటికే అటకమీది కెక్కించి తాను సగము నీటిలో నిలువబడి యుండెను. నన్ను చూచి యొక్క మాటయు ననలేదు. చేయి పట్టి పైకి లాగెను. తన చీర చెంగును పండ్లతో గొఱికి చీల్చి, చెల్లెలిని నా వీపునకు ఱొమ్ముమీదుగా రెండు చుట్లు చుట్టి ముడివేసెను. ఆమె చేతులు వణకలేదు. అది నేను నేటికిని మఱువలేదు. బియ్యపు మూట ముడివేయునప్పు డెట్లుండునో అట్లే యుండెను ఆ చేతులు.

"దీన్ని వదలమాక. నేను వస్తాలే," అనెను.

గోడలు కరగి కూలెను. తాటాకు కప్పు నిట్టాడునుండి ఊడి, బోర్లించిన గంపవలె నీటిమీద దేలి పోసాగెను. నాయనమ్మ యొకవైపు వాసము పట్టుకొనెను, నేను వేఱొకవైపు. చీకటి పడెను. ఎంతదూరము పోతిమో తెలియదు. ఎక్కడో కప్పు ఒక చెట్టునకు దగిలి రెండు ముక్కలయ్యెను. నా చేతికి కొమ్మ దొరకెను; నాయనమ్మ యున్న ముక్క ప్రక్కనుండి దాటిపోయెను. ఆమె పిలిచినది విన్నాను. ఏమని పిలిచెనో ఆ గాలిలో దెలియలేదు. బదులు పలుకబోయితిని. గొంతులో తలుపు మూసికొనెను.

అది తుమ్మచెట్టు. దాని ముండ్లు అరచేతులలో, తొడలలో దిగబడెను. ఆ ముండ్లే మమ్ము జాఱనీయలేదని పిమ్మట దెలిసినది. నీరు నా నడుమును లాగుచుండెను. వాన యడ్డముగా వచ్చి చెంపలను గులకఱాళ్లవలె గొట్టుచుండెను. వీపున నున్న చెల్లెలు రెండుచేతులతో నా మెడను పెనవేసి నులుముచుండెను. అది ఏడ్చుట లేదు. ఏడుపునకు గూడ ఊపిరి చాలక, కుక్కపిల్లవలె రొప్పుచుండెను. దాని పొట్ట నా వెన్నునకు దగిలి గబగబ కొట్టుకొనుచుండెను. నా మెడ సడలకున్నచో నాకు స్పృహ తప్పును. నాకు స్పృహ తప్పినచో ఇద్దఱమును పోదుము. "భయపడమాక" అని దానితో జెప్పబోయితిని. మొదటి యక్షరమువద్దనే నిలిచిపోయితిని. మఱల యత్నించితిని. మఱల నంతే.

అప్పుడు మాష్టారి మాట జ్ఞప్తికి వచ్చినది. పడవ లేకుండ మనిషిని నీటిలోనికి ద్రోయుచున్నాను. మాట మానివేసితిని. రెండుచేతులు కొమ్మను బట్టుకొనియుండుటచే వ్రేళ్లు లెక్కించుటకు వీలులేదు. కావున మనసుననే వ్రేళ్లను జూచుచు మూడెంచి తీసితిని, ఆఱెంచి విడిచితిని. మొదటి పది సారులు ఆఱు రాలేదు, మూడింటికే యెగబోసితిని. తప్పినదని గింజుకొనక చూపుడువ్రేలికి వచ్చితిని. ఎన్నిసారు లట్లు వచ్చితినో చెప్పజాలను. చాలసేపటికి వ్రేళ్లలోని తిమ్మిరి వదలెను. ఎడమకాలి క్రింద చెట్టు చీలిక యొకటి గలదని అప్పుడు గాని నాకు దెలియలేదు. అంతవఱకు నా బరువంతయు చేతులమీదనే మోయుచుంటిని. కాలు ఆ చీలికలో నిలిపితిని. గాలి యెటు వీచునో గమనించి, మాను నాకును గాలికిని నడుమ నుండునట్లు తిరిగితిని. ఇవి చిన్న పనులు. పది నిమిషముల ముందు నాకు చేతులు మాత్రమే యుండెను. ఇప్పుడు కాళ్లును కన్నులును గూడ వచ్చెను.

మఱి కొంతసేపటికి నా మెడమీద నేదో చిన్నగా తాకినట్లయ్యెను. చెల్లెలి వ్రేలు. ఒకటి, రెండు, మూడు. అది నా వీపు ఉబ్బుట, తగ్గుట గనిపెట్టి ముందు రాత్రి యాటను గుర్తించినది. దాని పట్టు సడలెను. దాని పొట్ట నా వెన్నుతో గూడ మెల్లగా లేచి పడసాగెను. నోట మాట లేకుండ నేను దానితో జెప్పదలచినది చెప్పగలిగితిని.

నడిరేయి దాటిన పిమ్మట నీరు వెనుకకు మరలెను. వచ్చినప్పటికన్న పోవునప్పుడు దాని లాగుడు బలముగా నుండెను. నీరు మోకాళ్లకు దిగగానే దిగి పరుగెత్తవలెనని నా మనసు తొందరపడెను. మఱల పన్నెండు లెక్కలు, మఱల. దిగలేదు. తెలతెలవాఱుచుండగా తల యెత్తి చూచితిని. నా తలకు మూరెడు పైన, కొమ్మల పంగలో, ఒక పాము చుట్టచుట్టుకొని యుండెను. నాగుబామో జెఱ్ఱిపోతో నేడును జెప్పజాలను. అది రాత్రి యంతయు మాతోనే యుండియుండవలెను. కేక వేయబోయితిని, గొంతు రాలేదు. నా నత్తి నాకుపకరించిన దొక్కమాఱే, అదియే. కేక వేసినచో చెల్లెలు గింజుకొనెడిది, పామును గదలెడిది. అది మావైపే చూచుచుండెను. దానికిని పోదగిన చోటు లేదు. కన్ను దానిమీదనే యుంచి, ఊపిరి లెక్కించుచు, ఒక్కొక్క జానెడే క్రిందికి జరగి నేలను దాకితిని. దిగువఱకు అది కదలలేదు.

ఆ నేలను గూర్చి వివరించుట నాకిష్టము లేదు. ఈ సంచికను చిన్నపిల్లలును జదువుదురు. ఆ యుప్పెన కొన్ని తావుల నైదు మీటర్ల యెత్తున వచ్చినదనియు, కృష్ణకు ఆవలనున్న దివిసీమ మాకన్న నెక్కువగా నాశమైనదనియు, మొత్తము మీద మృతులు 10,000 మందికి తక్కువ లేరనియు తరువాత లెక్కలలో జదివితిని. మా నాన్న బాపట్లనుండి చెఱుకుపల్లి మీదుగా, పడిపోయిన చెట్లను దాటుచు నడచి, మూడవనాడు రేపల్లెలో మమ్ము గలిసికొనెను. నన్ను జూచి, చెల్లెలిని జూచి, మా వెనుక నెవరైన నున్నారేమో యని చూచెను. నాయనమ్మ దొరకలేదు.

పిదప నేను లెక్కల పంతులనై ముప్పది యేండ్లకు పైగా పని చేసితిని. ఊపిరిని గూర్చిన గ్రంథములు కొన్ని చదివితిని. భయము గలుగగానే మూత్రపిండములపై నున్న గ్రంథులనుండి అడ్రినలిన్ అను రసము నెత్తురులో గలియును. గుండె వేగిరించును, ఊపిరి పైపైన నాడును. అట్లు మితిమీఱి యాడినచో నెత్తురులోని బొగ్గుపులుసు గాలి తగ్గి, మెదడునకు బోవు నాళములు ముడుచుకొని, తల తిరుగును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. ఆనాడు నా కన్నులయెదుట గొట్టమువలె నయిన దందుకే. ఊపిరి తీయునప్పుడు గుండె కొంచెము త్వరపడును, విడుచునప్పుడు నెమ్మదించును. మెదడునుండి గుండెకు దిగు వేగస్ అను నాడి చేయు పని యిది. విద్యార్థులారా, ఇది నా మాటగా నమ్మవలదు. మణికట్టున నాడిపై వ్రేలుంచి, మెల్లగా దీసి, అంతకు రెండింతలసేపు విడిచి చూడుడు. కొందఱికి మొదటిసారియే తెలియును.

2018వ సంవత్సరమున థాయిలాండు దేశమున పన్నెండుగురు బాలురు తమ బంతియాట శిక్షకునితో గూడ నొక కొండగుహలో జిక్కుకొనిన వార్త పత్రికలలో జదివినప్పుడు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. జూన్ 23న లోనికి బోయిరి. నీరు వచ్చి దారి మూసెను. ఆ శిక్షకుడు పూర్వము బౌద్ధ సన్న్యాసిగా నుండినవాడు. చీకటిలో ఆకలితో నున్న ఆ బాలురకు ధ్యానము చేయించి, కదలక, ఊపిరి నెమ్మదిగా నుంచుకొనునట్లు చేసెనని చెప్పుకొనిరి. జూలై 2న ఈతగాండ్రు వారిని కనుగొనిరి. 10వ తేదీకి పదుమువ్వురును బయటపడిరి. కాని వారిని బ్రదికించు యత్నమున నొక థాయి ఈతగాడు ప్రాణము గోల్పోయెను. కథ చెప్పువారు ధ్యానమును జెప్పి ఆతనిని మఱచుట నాకు నచ్చదు.

ఊపిరి బిగబట్టుట నేర్చినచో నేయాపదనైనను దాటవచ్చునని యుపన్యసించు వారిని జూచినచో నాకు కోపము వచ్చును. మా నాయనమ్మకు కణుపుల లెక్క రాదు. ఆ రాత్రి ఆ యింటిలో నిబ్బరముగా నుండినది ఆమె యొక్కతెయే. ఆమె పోయినది, పరుగెత్తినవాడను నేనుంటిని. సముద్రము మన గుండెచప్పుడు వినదు. 1990వ సంవత్సరము మే 9వ తేదీన కృష్ణ ముఖద్వారమునకు జేరువను అంతటి తుపానే తీరము దాటెను. ఆనాడు లక్షకు పైబడిన జనమును ముందుగనే తరలించిరి. మృతులు వేయిమందికి లోపు. ఆ భేదము చేసినది ఊపిరి గాదు. ముందుగా నందిన కబురు, కదలిన బండ్లు, గట్టి కట్టడములు. కబురందగానే బయలుదేఱుడు. ఊపిరి లెక్క, ఇక బయలుదేఱుటకు చోటు లేనప్పటిది. అది నాకు చేసిన మేలు ఒక్కటే: నాయనమ్మ చెప్పిన పని చేయుటకు నా కాళ్లు చేతులు నాకు తిరిగి యిచ్చినది. అదియు ఆలస్యముగా నిచ్చినది. ఇంటిలోనికి నీరు వచ్చిన నిమిషముననే నాకది జ్ఞప్తికి వచ్చియుండినచో వెనుకతలుపు తీయకపోదును; ఆ కొంచెముసేపు మాకు మిగిలియుండెడిది. మిగిలిన నేమి జరిగియుండెడిదో లెక్కల పంతులను నేను గూడ తేల్చలేకపోతిని.

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ అను తుపాను బాపట్ల చేరువను తీరము దాటెను. నే నిప్పుడు బాపట్లలో కుమారునియొద్ద నున్నాను. మాది గట్టి డాబా; భయపడనక్కఱ లేదని అందఱకు జెప్పితిని. కరెంటు పోయినది. కిటికీ ఱెక్కలు కొట్టుకొనుచుండ, గాలి ఆగి విసరుచున్నంతసేపు నేను బాగుగనే యుంటిని. అది ఆగుట మానగానే నా వ్రేళ్లు తిమ్మిరెక్కెను. మనుమరాలు నా ప్రక్కకు జేరి, "తాతయ్యా, నీ చెయ్యి వణుకుతోందేం?" అని యడిగెను. చెప్పబోయితిని, నత్తి వచ్చెను. దాని యరచేతిని చాపించి చూపుడువ్రేలి మొదటి కణుపుపై నా బొటనవ్రేలుంచితిని.

అంతలో ఫోను మ్రోగెను. తెనాలినుండి చెల్లెలు. దానికిప్పుడు ఏబది దాటినవి; దానికిని మనుమలున్నారు.

"అన్నయ్యా, ఎంతలో ఉన్నావు?" అని యడిగెను.

"నాలుగు," అంటిని. ఆ మాట నత్తి లేక వచ్చెను.

మఱేమియు మాటాడుకొనలేదు. ఫోను పెట్టివేయను లేదు. అవతల అది మెల్లగా విడుచుట వినబడుచుండెను.